నఖదా, ఉధారా?

సనత్‌నగర్ అనే పేరు సంస్కృతం అనుకునేవాళ్ళే ఎక్కువ. సనత్కుమారుడి పేరు అనుకునేవాళ్ళని కూడా మేము చూశాం. కాదు. అది ఉర్దూ 'సన్‌అత్'. పరిశ్రమ అని అర్థం. పరిశ్రమల పేట అన్నమాట. తెలుగు నోట్లో పడేసరికి మధ్యలో ఉన్న 'ఐన్' అనే అక్షరం రాలిపోయి సనత్ మిగిలింది. నష్టమేం లేదు, బస్సు ఆగాల్సిన చోటే ఆగుతుంది. కానీ ఈ ఐన్ అక్షరంతో మాకొక బాకీ ఉంది. అదీ సనత్‌నగర్‌లోనే పడ్డ బాకీ.

కొన్నేళ్ళ కింద అక్కడ ఒక చిన్న ఫంక్షన్ హాల్లో జరిగిన నిఖాకి మేము గవాగా నిలబడ్డాం. పిల్ల తండ్రి ఒకప్పుడు కార్ఖానా మనిషి. ఆ కార్ఖానా పోయాక ఒక అపార్ట్‌మెంట్ దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. తల్లి ఇంట్లో మిషన్ పెట్టుకుని అమీర్‌పేట దుకాణాలకి చీరల ఫాల్, పీకో, జాకెట్లకి హుక్కులు కుడుతుంది. వకీలూ ఇద్దరు గవాలూ ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి పిల్ల ఇజాజత్ తెచ్చుకోవాలి. వెళ్ళాం. పరదా అవతల నుంచి ఎవరో ముసలావిడ "హా బోలీ" అంది. పిల్ల గొంతు మాకు వినబడలేదు. వినబడిందని వచ్చి చెప్పాం.

ఖాజీ సాబ్ సియాహా తెరిచి మెహర్ ఎంత అని అడిగారు. పెద్దలు ముందే అనుకున్న అంకె చెప్పారు. "ముఅజ్జల్?" అన్నారాయన. "ముఅజ్జల్" అన్నారెవరో. ఖలం కదిలింది. మేము సంతకం పెట్టాం. ఖర్జూరాలు పంచారు.

మూడేళ్ళ తర్వాత ఆ పిల్ల చంకన బిడ్డతో పుట్టింటికి వచ్చేసింది. ఒకరోజు ఆమె తల్లి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి ఒక్కటే ప్రశ్న అడిగింది. "భాయ్, ఆప్ గవా థే నా. మెహర్ నఖద్ బోలే కీ ఉధార్ బోలే?" మీరే సాక్షి కదా, రొక్కం అన్నారా అప్పు అన్నారా అని.

మేము చెప్పలేకపోయాం. ఉర్దూ పత్రికలో పనిచేసి, ఉర్దూలో డిగ్రీ చదివి, గాలిబ్ మీదా మఖ్దూం మీదా తెలుగులో వ్యాసాలు రాసిన మేము, మా సంతకం కింద ఏం రాసుందో చెప్పలేకపోయాం.

ఉర్దూ తెలియని పాఠకులకి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. మెహర్ అంటే పెళ్ళిలో భర్త భార్యకి ఇవ్వాల్సిన సొమ్ము. అది కానుకా కాదు, దయా కాదు, ఆమె హక్కు. ఇవ్వనంతకాలం అతని మీద అప్పు. ఇది రెండు రకాలు. ఒకటి అడిగిన వెంటనే ఇవ్వాల్సింది. అది చెల్లించేదాకా భర్త ఇంటికి కాపురానికి రానని చెప్పే హక్కు కూడా హనఫీ న్యాయం భార్యకి ఇచ్చింది. రెండోది గడువు పెట్టింది, అంటే తలాఖ్ అయినప్పుడో భర్త చనిపోయినప్పుడో చెల్లించేది. మొదటిదాని పేరు ముఅజ్జల్. రెండోదాని పేరు కూడా ముఅజ్జలే! మొదటి మాటలో ఐన్ ఉంటుంది, తొందర అనే అర్థం ఉన్న ధాతువు. రెండో మాటలో వావ్ మీద హంజా ఉంటుంది, గడువు అనే అర్థం ఉన్న ధాతువు. అరబ్బు గొంతు ఈ రెంటినీ వేరు చేస్తుంది. దక్కన్ గొంతు చేయదు. తెలుగు లిపికైతే ఆ గొడవే లేదు, రెండూ ఒక్క తీరుగానే రాస్తాం. రాయడంలో తప్ప పలకడంలో లేని ఈ తేడా మీద ఒక ఆడపిల్ల చేతికొచ్చే డబ్బు ఆధారపడి ఉంటుంది. ఆ రాత ఆమెకి ఎవరూ చూపించరు.

కవితలనీ కథలనీ విమర్శించే మేము నిఖానామాని ఒక రచనగా ఎందుకు చదవలేదు? ముస్లిం ఇళ్ళల్లో ఖురాన్ తర్వాత అంత జాగ్రత్తగా బీరువాలో దాచుకునే కాగితం అదే. అంత తక్కువ చదివే కాగితం కూడా అదే. సిద్ధాంతం ప్రకారం దానికి ఇద్దరు కర్తలు. ఇస్లాంలో పెళ్ళి ఒక ఒప్పందం అని మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఈజాబ్ ఒకరిది, ఖుబూల్ ఇంకొకరిది, రెండూ కలిస్తేనే నిఖా. స్త్రీ ఒప్పుకోకపోతే పెళ్ళే లేదు. పద్నాలుగు వందల ఏళ్ళ కింద ఇది చిన్న మాట కాదు. కానీ ఆ ఒప్పందం రాసే గదిలో ఆమె ఉండదు. అంకె ఆమె చెప్పదు. సాక్షులు కూడా మగవాళ్ళమే. ఒక మగవాడి స్థానంలో ఆడవాళ్ళని పిలవాలంటే ఇద్దరు కావాలి. రెండో సాక్షిగా మమ్మల్ని పిలిచింది మా ఉర్దూ చూసి కాదు. మేము చేసిన సాక్ష్యం ఎంత గొప్పదో పైన చెప్పాం.

భాష గురించి ఒక మాట. 'ఖుబూల్ హై' అనే మాటకి లింగం లేదు. అతను అన్నా ఆమె అన్నా ఒకటే రూపం. ఉర్దూలో ఇది అరుదు. ఆడమనిషి 'నేను వెళ్తున్నాను' అనాలంటే 'మైఁ జాతీ హూఁ' అనాలి. మగాడైతే 'జాతా హూఁ'. అదే మన హైదరాబాదీ బేగంలు 'హమ్' అని మొదలుపెడితే 'హమ్ జాతే హైఁ' అంటారు, క్రియ మగవాళ్ళదైపోతుంది. తెలుగులో 'నేను వస్తాను' అనడానికి ఆడా మగా తేడా లేదు. కానీ ఆమె గురించి వేరేవాళ్ళు మాట్లాడేటప్పుడు చూడండి. బస్సు వచ్చింది, ఎద్దు వచ్చింది, ఆమె వచ్చింది. బహువచనంలో మాత్రం 'వచ్చారు', అప్పుడు మగవాళ్ళతో సమానం. రెండు భాషల మధ్య బతికే మాకు ఇది మొదట్లో సరదాగా ఉండేది. ఇప్పుడు ఇంకో అనుమానం వస్తోంది. మేము ఈ వ్యాసంలో 'మేము' అంటున్నాం. పత్రికల్లో అలవాటైన మాట. ముస్లిం రచయితలుగా కూడా 'మేము' అనే రాశాం, మమ్మల్ని ఈ దేశం ఇలా చూసింది, మమ్మల్ని అద్దె ఇంటికి రానివ్వలేదు అని. ఆ 'మేము'లో హుక్కులు కుట్టే ఆవిడ ఉందా? లేక ఆమె కూడా 'హమ్ జాతే హైఁ' అనాల్సి వచ్చిందా?

ఇప్పుడు జుమ్మా బయాన్ దగ్గరికి వద్దాం. స్త్రీ పురుషుల గురించి మౌల్వీ సాబ్‌లు చెప్పేది దాదాపు ఒకటే. అల్లా ముందు ఇద్దరూ సమానం, బాధ్యతల్లో తేడా. ఈ మాట అబద్ధం కాదు. విశ్వాసంలో, దానంలో, ఉపవాసంలో పురుషుల్నీ స్త్రీలనీ జంట జంటగా పేరుపెట్టి పిలిచే వాక్యం ఖురాన్‌లో ఉంది. ఎప్పుడూ మగవాళ్ళ ప్రస్తావనేనా అని ప్రవక్త భార్య ఉమ్మె సలమా అడిగిన ప్రశ్నకి జవాబుగానే అది వచ్చిందని రివాయత్. అడిగితేనే వచ్చింది, అది గుర్తుపెట్టుకోవాలి. అడగడం కుఫ్ర్ కాలేదు.

ఇక తేడా. పురుషుడు 'ఖవ్వామ్', స్త్రీల బాగోగులు చూసేవాడు అని అన్నిసా సూరాలో ఉంది. అక్కడే రెండు కారణాలున్నాయి. ఒకటి దేవుడిచ్చిన ఆధిక్యం, రెండు అతను తన సొమ్ము ఖర్చుపెట్టడం. మొదటిదాని మీద తఫ్సీర్లలో శతాబ్దాల వాదన ఉంది. 1992లో 'ఖురాన్ అండ్ ఉమన్' రాసిన అమీనా వదూద్ దాకా ఎందరో తలపడ్డారు. మేము ఆ విద్వాంసుల పక్కన కూర్చోలేం. రెండో కారణం మాత్రం సనత్‌నగర్ గల్లీల్లో ఎవరైనా లెక్క చూడగలిగింది. ఖర్చు ఎవరు పెడుతున్నారు?

ఈ పేట కడుతున్నప్పుడు ఆ వాక్యానికి ఇక్కడ ఆధారం ఉండేది. 1942లో నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో మొదలైన ఆల్విన్ ఉంది. ఫ్రిజ్‌లు, బస్సుల బాడీలు, ఉక్కు బీరువాలు చేసింది. చుట్టూ ఇంకెన్నో కార్ఖానాలు. ఈఎస్ఐ ఆస్పత్రి వచ్చింది. పొద్దున్నే సైరన్, టిఫిన్ డబ్బా, నెల మొదటివారం జీతం. మగవాడు ఖర్చుపెట్టాడు, ఖవ్వామ్ అయ్యాడు. ఈఎస్ఐ కార్డులో భార్య పేరు ఆధారపడినవాళ్ళ వరసలో ఉండేది. 1990లలో ఆల్విన్ ముక్కలై చేతులు మారింది. చిన్న కార్ఖానాలు ఒక్కొక్కటే గేట్లు వేసుకున్నాయి, ఆ జాగాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. అప్పటినుంచి ఈ ఇళ్ళల్లో పొయ్యి చాలావరకు ఆడవాళ్ళ చేతిమీద వెలుగుతోంది. ఫాల్, పీకో, మగ్గం వర్క్, అమీర్‌పేట హాస్టళ్ళలో వంట, పంజాగుట్ట దుకాణాల్లో సేల్స్ గర్ల్ పని. పరిశ్రమ పేరు పెట్టుకున్న పేటలో పరిశ్రమ ఇళ్ళల్లోకి వచ్చి మంచం పక్కన కూర్చుంది. అయితే దాన్ని సన్‌అత్ అనరు. 'కుచ్ తో భీ కర్ లేతీ' అంటారు, ఏదో చేసుకుంటుంది అని. ఆమెకి సొంత ఈఎస్ఐ కార్డు లేదు. చీరకింత అని లెక్క. దారం ఆమెదే, కరెంటు బిల్లు ఆమెదే.

మరి కారణం అటు మారితే ఫలితం ఎందుకు మారలేదు? ఖర్చు ఆమె పెడుతుంటే నిర్ణయం అతని దగ్గర ఎలా ఉండిపోయింది? ఈ ప్రశ్న ఒక మౌల్వీ సాబ్‌ని అడిగాం. ఆయన కోపగించుకోలేదు, నిజాయితీపరుడు. "భార్య సంపాదన మీద భర్తకి హక్కు లేదు. ఆమె ఇంట్లో ఖర్చుపెడితే అది ఆమె ఎహ్సాన్" అన్నారు. అంటే ఉపకారం. షరియత్ ప్రకారం సరైన జవాబే. ఖదీజా బీబీ వ్యాపారస్తురాలని, ప్రవక్త ఆమె సరుకు తీసుకుని షామ్ దేశం వెళ్ళారని కూడా ఆయనే గుర్తుచేశారు. కానీ చూడండి, మగవాడు పెట్టే ఖర్చు అధికారాన్నిస్తుంది, ఆడమనిషి పెట్టే ఖర్చు ఉపకారమైపోతుంది. అదే బియ్యం, అదే పాలు.

మన పాత ఉర్దూ పుస్తకాలు ఈ విషయంలో మనం అనుకున్నంత వెనకబడి లేవు. నజీర్ అహ్మద్ 1869లో రాసిన 'మిరాతుల్ ఉరూస్' ఆడపిల్లలకి బుద్ధి చెప్పే నవలే. అక్బరీ చెడ్డ కోడలు, అస్గరీ మంచి కోడలు. కానీ అస్గరీ మంచితనం దేంట్లో ఉంది? లెక్కలు రాయడంలో. పనిమనిషి చేసే దొంగతనాన్ని పట్టేది ఆమే, అప్పుల్లో ఉన్న ఇంటిని నిలబెట్టేది ఆమే. అష్రఫ్ అలీ థాన్వీ 'బిహిష్తీ జేవర్' చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చి ఇప్పటికీ జహేజ్‌లో పెట్టి పంపే పుస్తకం. భర్తకి లోబడి ఉండమనే భాగాలు చదివితే మాకిప్పుడు ఊపిరాడదు. అదే పుస్తకంలో ఉత్తరాలు రాయడం, జమాఖర్చు, పోస్టాఫీసు నియమాలు కూడా ఉన్నాయి. ఆడవాళ్ళ బుద్ధి మగవాళ్ళ బుద్ధికంటే తక్కువరకం అనే వాదన మీద ఆయన పుస్తకం నిలబడలేదు. వాళ్ళకి చదువు అందలేదు, అందిస్తే సరిపోతుంది అన్నదే పునాది. తేడా అధికారంలో పెట్టారు, తెలివిలో పెట్టలేదు. ఇదే థాన్వీ సాబ్ 1930ల మొదట్లో, భర్తల నుంచి బయటపడే దారిలేక ఆడవాళ్ళు మతమే వదిలేస్తున్నారని కలవరపడి, ఒక పరిష్కారం రాశారు. నిఖా సమయంలోనే తలాఖ్ హక్కుని భార్యకి అప్పగించేలా షరతు రాసుకోవచ్చు అని. దాన్నే తఫ్వీజ్ అంటారు. 1939లో వచ్చిన ముస్లిం వివాహ రద్దు చట్టం వెనక కూడా ఆ ఆలోచన ఉంది. ఎన్ని నిఖానామాల్లో తఫ్వీజ్ షరతు చూశారని మీరు మమ్మల్ని అడిగితే, మేము సంతకం చేసినవాటిలో ఒక్కటీ లేదు. పెళ్ళిలో విడాకుల మాటేంటి, అపశకునం అంటారు. మెహర్ గడువు తలాఖ్ దాకా అని రాసేటప్పుడు మాత్రం శకునం అడ్డురాదు.

మెహర్ అడిగేటప్పుడు సిగ్గుపడే పెద్దలు ఇంకో లెక్క అడిగేటప్పుడు సిగ్గుపడరు. హైదరాబాదు ముస్లింలకి దాని పేరు చెప్పక్కర్లేదు, 'జోడే కీ రఖమ్'. పెళ్ళికొడుకు జోడా బట్టల కోసమని మొదలై, పిల్ల తండ్రి ఇవ్వాల్సిన నగదుగా స్థిరపడింది. జహేజ్ వేరే. ఖురాన్‌లో లేదు, హదీస్‌లో లేదు, ఏ ఫిఖ్‌లోనూ లేదు. ఇది మాత్రం ఎప్పుడూ నఖద్. నిఖాకి ముందే, లెక్కపెట్టి, చేతికి. మేము గవాగా నిలబడ్డ ఆ పెళ్ళిలో జోడే కీ రఖమ్ మెహర్‌కి నాలుగింతలు. మిషన్ మీద హుక్కులు కుట్టి కట్టిన చిట్టీ డబ్బులు. దానికి సియాహాలో గడి లేదు, కనక గవా లేడు. ఆమెకి రావాల్సింది కాగితం మీద ఉంది, చేతికి రాలేదు. ఆమె వాళ్ళు ఇచ్చింది చేతులు మారింది, కాగితం మీద లేదు. 1961 వరకట్న నిషేధ చట్టం మెహర్‌ని కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది, సరైన పనే. జోడే కీ రఖమ్‌కి ఆ మినహాయింపు లేదు. అయినా దాన్ని నేరం అన్న మనిషిని మేము ఒక్క పెళ్ళిలోనూ చూడలేదు. మేమూ అనలేదు. బిర్యానీ తిన్నాం.

ఇంకో దృశ్యం కూడా చెప్పాలి. జనాజా లేచేముందు భర్త శవం దగ్గరికి భార్యని తీసుకొచ్చి 'మెహర్ మాఫ్ కర్ దో' అనిపిస్తారు. ఏడుస్తున్న ఆడమనిషి, చుట్టూ అత్తింటివాళ్ళు. అప్పు మిగిలిపోతే మరణించినవాడికి పరలోకంలో బరువు అంటారు. ఎవరు కాదంటారు? భర్త ఆస్తిలోంచి వారసులకంటే ముందు తీరాల్సిన అప్పు అది. అది తీరేదాకా, న్యాయంగా తన చేతిలో ఉన్న భర్త ఆస్తిని పట్టుకుని ఉండే హక్కు కూడా విధవకి ఉంది. ఆ ఒక్క నిమిషంలో అదంతా పోతుంది. పాత హైదరాబాదు నిఖానామాల్లో రూపాయల్తోపాటు 'దీనారె సుర్ఖ్', అంటే బంగారు దీనార్లు రాయించేవాళ్ళు. రూపాయి విలువ పడిపోతుంది, బంగారం పడిపోదు అని ఆనాటి పెద్దలకి తెలుసు. ఇప్పుడు అది ముచ్చటకి మిగిలింది. పదకొండు దీనార్లు అని రాస్తారు, అవి ఎన్ని తులాలో గదిలో ఎవరికీ తెలియదు.

ఈ విషయాలు బయటపెడితే మాకు రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతుందని తెలుసు. ఇంట్లోవాళ్ళు ఇది శత్రువుకి కత్తి అందించడం అంటారు. బయటివాళ్ళు చూశారా మేము చెప్పలేదా అంటారు. వాళ్ళకి మా ఆడవాళ్ళ మీద జాలి ఎక్కువ. మాకా జాలి పరిచయమే. 1982లో సాగర్ సర్హదీ తీసిన 'బాజార్' వచ్చినప్పుడు మేము పిల్లలం, తర్వాత వీడియోలో చూశాం. హైదరాబాదు పేద ముస్లిం పిల్ల షబ్నమ్‌ని గల్ఫ్ డబ్బున్న మనిషికి కట్టబెట్టే కథ. స్మితా పాటిల్, ఖయ్యామ్ సంగీతం, మఖ్దూం గజల్. గొప్ప సినిమా. షబ్నమ్ విషం తాగి చచ్చిపోతుంది. 1991లో హైదరాబాదు నుంచి ఒక చిన్నపిల్లని పెళ్ళి పేరుతో ముసలి అరబ్బు తీసుకుపోతుంటే విమానంలో ఎయిర్ హోస్టెస్ గుర్తించి ఆపిన సంగతి దేశమంతా మారుమోగింది. మోగాల్సిందే. కానీ అప్పటినుంచి ముస్లిం ఆడపిల్ల అంటే షేక్ కొనుక్కుపోయే పిల్లే అయింది. షేక్ ఇచ్చిన డబ్బు అందరికీ కనిపించింది. పక్కింటి దూల్హే భాయ్ పుచ్చుకున్న జోడే కీ రఖమ్ ఎవరికీ కనిపించలేదు, మాతో సహా. షాబానో విషయంలోనూ అంతే. 1932లో పెళ్ళి. 1978లో తలాఖ్. 46 ఏళ్ళ కాపురానికి మెహర్ కింద కోర్టులో కట్టింది 3,000 రూపాయలు. హైకోర్టు ఇప్పించిన మనోవర్తి నెలకి 179 రూపాయల 20 పైసలు. 1985లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేస్తే, అది షరియత్‌కి ప్రమాదమా, దేశ ఐక్యతకి దారా అని ఊళ్ళు ఊళ్ళు ఊగిపోయాయి. ఆ అంకె గురించి ఎవరూ మాట్లాడలేదు.

తెలుగులో మా సొంత రచనలు చూసుకుంటే? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' వచ్చాక ముస్లిం గొంతు తెలుగులో స్థిరపడింది. 2005లో షాజహానా 'నఖాబ్'తో ముస్లిం స్త్రీ తనే మాట్లాడింది. మేము మాట్లాడేది ముఖ్యంగా మగవాళ్ళ రచనల గురించి. ఖదీర్‌బాబు 'న్యూ బాంబే టైలర్స్' కథ మాకు చాలా ఇష్టం. రెడీమేడ్ బట్టలొచ్చి కావలిలో పీర్‌భాయ్ కత్తెర ఎలా మూలపడిందో చదివి కదలనివాళ్ళు లేరు. దర్జీ పని పోతే ఒక మనిషి గౌరవం పోవడం అందులో కనిపిస్తుంది. కథ తప్పేం లేదు, ఏ కథా అన్నీ చెప్పనక్కర్లేదు. కానీ ఆ తర్వాత ఇరవై అయిదేళ్ళలో, అదే రెడీమేడ్ బజారుకి ఇంట్లో కూర్చుని హుక్కులు కుట్టే దర్జీ ఆడవాళ్ళ గురించి అలాంటి కథ మేమెందుకు రాయలేదు? మగవాడి మిషన్ ఆగిపోతే అది మాకు విషాదమైంది. ఆడమనిషి మిషన్ తిరగడం మొదలైతే అది వార్త కూడా కాలేదు. మా రచనల్లో అమ్మీజాన్ ఎప్పుడూ ఉంటుంది. రొట్టెలు చేస్తుంది, నమాజ్ చేస్తుంది, ఏడుస్తుంది, దువా చేస్తుంది. ఆమె లెక్కలు రాయదు. నూట యాభై ఏళ్ళ కిందటి అస్గరీ రాసింది!

స్త్రీవాద మిత్రులకి కూడా ఒక మాట ఉంది. పరదా గురించీ తలాఖ్ గురించీ మమ్మల్ని అడిగినన్నిసార్లు ఆస్తి గురించి అడగలేదు. కూతురికి వాటా అనేది మా దగ్గర మొదటినుంచీ ఉంది, కొడుకులో సగమే అయినా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా చట్టం 1980ల మధ్యలో వచ్చింది, దేశమంతటికీ 2005లో. మావాళ్ళు 'సగం' అని చిన్నబుచ్చుకుంటారు, మీవాళ్ళు 'సమానం' అని చెప్పుకుంటారు. రెండు ఇళ్ళల్లోనూ అన్నదమ్ముల పేరిట రాసిచ్చి చీర పెట్టించుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళని మేము చూశాం. సమానం అని రాసినా సగం అని రాసినా చేతికొచ్చింది చీరే.

చట్టం నిద్రపోలేదు. 2017లో సుప్రీంకోర్టు ఒక్కసారిగా చెప్పే మూడు తలాఖ్‌లని కొట్టేసింది. 2019లో దాన్ని మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడే నేరం చేశారు. భర్త జైల్లో ఉంటే పిల్లల పాలకి డబ్బెవరిస్తారన్న ప్రశ్నకి మాకు నచ్చిన జవాబు రాలేదు. మాకు 2024 జులై 10 నాటి తీర్పు ఎక్కువ ముఖ్యం. అది తెలంగాణ నుంచి వెళ్ళిన కేసే. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరి స్త్రీలలాగే సెక్షన్ 125 కింద మనోవర్తి అడగొచ్చని చెప్పారు. అందులో జస్టిస్ నాగరత్న ఇంకో విషయం రాశారు. సొంత ఆదాయం లేని గృహిణి పరిస్థితి భర్తలు గుర్తించాలి, ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవాలి, ఏటీఎం కార్డు అందుబాటులో ఉంచాలి అని. సుప్రీంకోర్టు ఏటీఎం కార్డు గురించి మాట్లాడటం మాకు నచ్చింది. 2025లో తెలంగాణ హైకోర్టు, ఖులా కోరే హక్కు భార్యదే, దానికి భర్త అంగీకారం అక్కర్లేదని తేల్చింది. పర్సనల్ లా బోర్డు 2005లో భోపాల్‌లో నమూనా నిఖానామా తెచ్చింది. అది చాలదని 2008లో మహిళా పర్సనల్ లా బోర్డు తనదొకటి తెచ్చింది. రెంటి మీదా వ్యాసాలు వచ్చాయి, మేమూ రాశాం. సనత్‌నగర్ ఫంక్షన్ హాల్లో టేబుల్ మీదికి ఆ రెండింట్లో ఏదీ రాలేదు.

ఆ తల్లి అడిగిన ప్రశ్న దగ్గరికి తిరిగి రావాలి. ఆమెతో వెళ్ళి సియాహా నకలు తీయించాం. చేతిరాత చిక్కుగా ఉంటుంది, ఐనో హంజానో పోల్చుకోవాలి అని అద్దాలు తుడుచుకుని కూర్చున్నాం. పోల్చుకునే పనే పడలేదు. ఫారంలో రెండు మాటలూ పక్కపక్కనే అచ్చయి ఉన్నాయి, మధ్యలో ఒక గీత. వర్తించనిది కొట్టేయాలి. ఎవరూ ఏదీ కొట్టేయలేదు. రెండూ అలాగే ఉన్నాయి. ఆ కింద మా సంతకం, చక్కటి నస్తాలిఖ్‌లో.

పంచాయితీలో అవతలివాళ్ళు ఉధారే అన్నారు, తలాఖ్ ఇవ్వలేదు కనక ఇంకా గడువు రాలేదన్నారు. వీళ్ళు నఖద్ అన్నారు. మమ్మల్ని పిలిచారు. మాకు గుర్తులేదని చెప్పాం, అది నిజం. ఆ పిల్ల ఇప్పుడు తల్లి పక్కనే ఇంకో మిషన్ వేసుకుంది.

ఈ ఏడు రెండో పిల్ల నిఖా. ఆమె ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ చేసి అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో రిసెప్షన్‌లో కూర్చుంటోంది. ఉర్దూ మాట్లాడుతుంది, చదవలేదు. తల్లి మమ్మల్నే మళ్ళీ గవాగా రమ్మంది. ఎందుకు పిలిచిందో మేము అడగలేదు. పెళ్ళికి వారం ముందు ఆ పిల్ల ఖాళీ ఫారాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని మా ఇంటికొచ్చింది. "అంకుల్, ఇందులో నా పేరు రాసే చోటు ఏది?" అంది. చూపించాం. "నేను సంతకం పెట్టేది?" చూపించాం. తర్వాత వేళ్ళతో ఫోటోని పెద్దది చేసి, పక్కపక్కనే ఉన్న ఆ రెండు మాటల మీద గోరు పెట్టి అడిగింది.

"యే దోనో మే కౌన్‌సా కాట్‌నా?"

కాగితం తీసి ఐన్ ఎలా ఉంటుందో, వావ్ మీద హంజా ఎలా ఉంటుందో రాసి చూపించాం. ఆమె చూసి తనూ రాసింది. మొదటిసారి ఐన్ తలకిందులైంది. మళ్ళీ రాసింది.